తవ్వాక నిరూపించలేం: షేల్ చమురు, ఛత్తీస్‌గఢ్ బోరు నీళ్లు

రాయ్‌పూర్: చమురు క్షేత్రాల నియంత్రణ, అభివృద్ధి చట్టానికి చేసిన సవరణను 2025 మార్చిలో పార్లమెంటు ఆమోదించింది. 1948 నాటి పాత చట్టంలో ‘ఖనిజ నూనెలు’ అనే మాట పెట్రోలియం, సహజ వాయువుల దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు ఆ మాట కిందికి షేల్ చమురు, షేల్ గ్యాస్, బొగ్గు పొరల్లో ఉండే మీథేన్ కూడా వచ్చాయి. పాత చట్టంలో నిబంధనలు ఉల్లంఘిస్తే ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా ఉండేది. కొత్త చట్టం జైలు తీసేసి జరిమానాను 25 లక్షల రూపాయల దాకా పెంచింది. ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 లక్షల దాకా వేయవచ్చు.

దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి, ఇంట్లో ఏ మూల చమురు దొరికినా తవ్వుకుందామన్న ఆత్రం ఢిల్లీకి ఉండటంలో ఆశ్చర్యం లేదు. అయితే సముద్రంలో కాకుండా నేల మీద తవ్వే బ్లాకులకు లీజు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. కేంద్రం ముందస్తు ఆమోదం ఉండాలి, సంతకం మాత్రం రాష్ట్రానిది. రాయల్టీ వచ్చేదీ రాష్ట్రానికే. అంటే ఛత్తీస్‌గఢ్ భూమి కింద షేల్ కోసం ఎవరైనా వెతకాలనుకుంటే ఆ కాగితం నవా రాయ్‌పూర్ సచివాలయం దాటాలి.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఇవాళ షేల్ చమురు ఉత్పత్తి లేదు. రేపో ఎల్లుండో మొదలవుతుందని కూడా ఎవరూ అనడం లేదు. మరి ఇప్పుడే ఎందుకు మాట్లాడాలి? భూగర్భ జలాల విషయంలో అతి ముఖ్యమైన పని తవ్వకం మొదలవక ముందు మాత్రమే చేయగలం కాబట్టి. తవ్విన తర్వాత ఆ పనిని ఎన్ని కోట్లు పోసినా వెనక్కి వెళ్లి చేయలేం.

కింద ఏముంది?

షేల్ అంటే బంకమట్టి, బురద కోట్ల ఏళ్ల ఒత్తిడికి గట్టిపడి పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. మామూలు చమురు బావిలో చమురు ఇసుకరాయి సందుల్లోంచి కదిలి బావిలోకి వస్తుంది. షేల్‌లో ఆ సందులు దాదాపు మూసుకుపోయి ఉంటాయి. చమురు, గ్యాస్ రాయిలోనే బందీగా ఉంటాయి. వాటిని బయటికి తేవాలంటే కిలోమీటరో రెండు కిలోమీటర్లో నిట్టనిలువుగా తవ్వి, అక్కడినుంచి బావిని అడ్డంగా తిప్పి, నీళ్లు, ఇసుక, కొద్ది పాళ్లలో రసాయనాలు కలిపి భారీ ఒత్తిడితో పంపి రాయిని పగలగొట్టాలి. దీన్నే ఫ్రాకింగ్ అంటున్నారు. పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులు అడ్డం నిలబడతాయి.

రాయ్‌పూర్ నగరం కూర్చున్నదే సున్నపురాయి, షేల్ పొరల మీద. భూగర్భ శాస్త్రవేత్తలు చండీ సున్నపురాయి, గుండర్‌దేహీ షేల్ అని పిలిచే పొరలివి. బలౌదాబాజార్ చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ సున్నపురాయి వల్లే. వంద కోట్ల ఏళ్లకు ముందటి ఈ ఛత్తీస్‌గఢ్ బేసిన్‌లో చమురు ఇంతవరకూ ఎవరూ తీయలేదు. కేంద్రం జాబితాలో ఇది ఇంకా ఆశ పెట్టుకోదగిన మూడో తరగతి బేసిన్లలోనే ఉంది.

రాష్ట్రం ఉత్తర భాగంలో సంగతి వేరు. కోర్బా, రాయ్‌గఢ్, సర్గుజా, కోరియా ప్రాంతాల కింద గోండ్వానా కాలపు బొగ్గు పొరలు, వాటితో కలిసి షేల్ పొరలు ఉన్నాయి. మన దేశంలో మొదటిసారి షేల్ గ్యాస్ కనిపించింది ఇలాంటి గోండ్వానా షేల్‌లోనే. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన బావిలో 1,700 మీటర్ల లోతున అది బయటపడింది. కోల్ ఇండియాకు చెందిన ప్రణాళికా సంస్థ సీఎంపీడీఐ ఆరు గోండ్వానా బేసిన్లలో 45 లక్షల కోట్ల ఘనపుటడుగుల షేల్ గ్యాస్ ఉండవచ్చని లెక్క వేసింది. ఆ ఆరింటిలో ఒకటైన సోహాగ్‌పూర్ మధ్యప్రదేశ్ షహడోల్ వైపు నుంచి ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. అక్కడ రిలయన్స్ 2017 నుంచి బొగ్గు పొరల మీథేన్ తీస్తోంది.

ఛత్తీస్‌గఢ్‌లోనూ ఆ ప్రయత్నం ఒకసారి జరిగింది. 2005-06లో జరిగిన మూడో విడత మీథేన్ వేలంలో మాండ్-రాయ్‌గఢ్, తాతాపానీ-రామ్‌కోలా బ్లాకులు ఉన్నాయి. మన కొత్తగూడెం, గోదావరి లోయ బ్లాకులూ అదే విడతలో వేలానికి వచ్చాయి. వీటిలో ఏదీ వాణిజ్య ఉత్పత్తి దాకా రాలేదు. సింగరేణి బొగ్గు ఉన్న గోదావరి లోయ, కోర్బా బొగ్గు ఉన్న మహానది లోయ ఒకే కాలపు రాళ్లు. కాబట్టి రాయ్‌పూర్ ఇవాళ ఏ నిబంధన రాస్తుందో, రేపు హైదరాబాద్‌కూ అదే ప్రశ్న ఎదురవుతుంది.

అంచనాలు ఆకాశంలో, ఫలితాలు నేల మీద

షేల్ గురించి మన దేశంలో వినిపించిన అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ మూడు బేసిన్లు చూసి, తీయగలిగిన గ్యాస్ 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగులని చెప్పింది. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో 96 లక్షల కోట్లని, చమురు 380 కోట్ల పీపాలని అంది. ఓఎన్‌జీసీ ఐదు బేసిన్లకు 187.5 లక్షల కోట్ల ఘనపుటడుగులని లెక్క కట్టింది. ఈ లెక్కలు చూసిన బేసిన్లు వేరు, పద్ధతులు వేరు. ఒకటి తీయగలిగింది చెబితే మరొకటి ఉన్నదంతా చెబుతుంది. అయినా ముప్పై రెట్ల తేడా అంటే భూమి కింద ఏముందో మనకింకా సరిగ్గా తెలియదనే అర్థం.

2013 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన విధానం ప్రకారం మొదట ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకే షేల్ వెతికే అనుమతి దక్కింది. తొలి దశలో ఓఎన్‌జీసీకి 50 బ్లాకులు ఇచ్చారు. వాటిలో 28 గుజరాత్ కాంబే బేసిన్‌లో, 10 మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో, 9 కావేరిలో, 3 అస్సాంలో ఉన్నాయి. ఇరవైకి పైగా బావులు తవ్వినా వాణిజ్యపరంగా చెప్పుకోదగిన షేల్ నిల్వ తేలలేదు.

ఆ తర్వాత రెండు మార్పులు వచ్చాయి. 2016 నాటి కొత్త లైసెన్సు విధానం చమురు, గ్యాస్, మీథేన్, షేల్ అన్నిటికీ కలిపి ఒకే లైసెన్సు ఇచ్చింది. 2018 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం పాత ఒప్పందాలున్న కంపెనీలకు కూడా అదే బ్లాకులో షేల్ తీసుకునే దారి తెరిచింది. మీథేన్ కోసమో మామూలు గ్యాస్ కోసమో వచ్చిన కంపెనీ, ధర గిట్టుబాటైతే, అదే బ్లాకులో షేల్ పొరలోకి దిగవచ్చు. ఊరివాళ్లకు మొదటి రోజు చెప్పిన పని ఒకటి, పదేళ్ల తర్వాత జరిగే పని మరొకటి కావచ్చు. చమురు ధర పెరిగితే ఇవాళ ఖాళీ అనుకున్న బ్లాకుకు రేపు గిరాకీ వస్తుంది.

నీటికి ముప్పు ఏ దారిన వస్తుంది?

ఫ్రాకింగ్ అనగానే చాలామంది ఊహించే దృశ్యం ఒకటుంది. రెండు కిలోమీటర్ల లోతున పగిలిన రాయి పైదాకా చీలి, రసాయనాలు నేరుగా ఊరి బోరులోకి వస్తాయని. లోతైన షేల్ బావుల్లో ఇది జరగడం చాలా అరుదు. మధ్యలో వందల మీటర్ల మందాన రాతి పొరలుంటాయి. ఈ భయాన్నే ముందు పెట్టి వాదిస్తే కంపెనీల పని తేలికవుతుంది. దాన్ని కొట్టిపారేసి, మిగతా ప్రశ్నలనూ దానితోపాటే చుట్టి పక్కన పడేస్తారు.

నిజమైన దారులు మూడు. మొదటిది బావి గోడ. బోరు వేయించిన ప్రతి రైతుకూ కేసింగ్ పైపు తెలుసు. చమురు బావిలో ఒకదాని లోపల ఒకటిగా ఉక్కు కేసింగులు దించి, వాటి చుట్టూ సిమెంటు నింపుతారు. మంచినీటి పొరకూ బావికీ మధ్య ఉన్న అడ్డుగోడ అదే. సిమెంటు సరిగ్గా పట్టకపోయినా, కాలం గడిచి బీటలు వారినా గ్యాస్ ఆ సందులోంచి పైకి పాకి నీటి పొరలోకి చేరుతుంది. బావి మూసేసి కంపెనీ వెళ్లిపోయాక కూడా ఆ గోడ పదుల ఏళ్లు నిలబడాలి.

రెండోది తిరిగి వచ్చే నీరు. పంపిన నీళ్లలో కొంత భాగం ఉప్పు, బేరియం, స్ట్రాన్షియం, కొన్నిచోట్ల రేడియం కలుపుకుని పైకి వస్తుంది. దాన్ని గుంటల్లో నిల్వ చేసినా, ట్యాంకర్లలో తరలించినా, మళ్లీ లోతు బావుల్లోకి పంపినా ఎక్కడో ఒకచోట ఒలికే అవకాశం ఉంది. లోతు బావుల్లోకి విపరీతంగా పంపిన అమెరికా ఓక్లహోమా రాష్ట్రంలో భూకంపాలే పెరిగాయి. 2016లో పానీ అనే ఊరి దగ్గర 5.8 తీవ్రతతో భూమి కంపించింది. రాయ్‌పూర్ చుట్టుపక్కలలాంటి సున్నపురాయి నేలలో ఒలికిన మురికికి అడ్డు తక్కువ. రాతిలో నీరు తొలిచిన సొరంగాలు, సందులు ఉంటాయి. ఇసుక నేల వడకట్టినట్టు సున్నపురాయి వడకట్టదు. ఒకచోట పడింది త్వరగా మరోచోట తేలుతుంది.

మూడోది లోతు తక్కువ ఉన్నచోట్ల తవ్వకం. బొగ్గు పొరల మీథేన్ షేల్ కన్నా చాలా పైన, చాలాచోట్ల కొన్ని వందల మీటర్ల లోతులోనే ఉంటుంది. దాన్ని తీయాలంటే ముందు బొగ్గు పొరలోని నీటిని రోజుల తరబడి తోడిపోయాలి. ఇక్కడ నీటి పొరకూ గ్యాస్ పొరకూ మధ్య దూరం తక్కువ. ఉత్తర ఛత్తీస్‌గఢ్‌కు షేల్ కన్నా ముందు వచ్చేది ఇదే కావచ్చు.

మరి వాడే నీటి సంగతో? ఒక్క షేల్ బావిని పగలగొట్టడానికి కోటిన్నర లీటర్లు పట్టడం మామూలు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. రెండు వేల మంది ఉన్న ఊరు ఆ కోటిన్నర లీటర్లతో నాలుగున్నర నెలలు బతుకుతుంది. వినడానికి గుండె గుభేలుమంటుంది కానీ, హెక్టారు వరికి అటూఇటుగా కోటి లీటర్లు పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. దేశానికి ధాన్యపు గిన్నె అని పేరున్న రాష్ట్రంలో ఒక బావి తాగే నీళ్లు నాలుగెకరాల వరి తాగినంతే. తేడా ఏమిటంటే పొలంలో పోసిన నీటిలో కొంత మళ్లీ భూమిలోకి ఇంకుతుంది, షేల్‌లోకి పోసింది తిరిగి వాడుకకు రాదు. వందల బావులు ఒకే మండలంలో, అదీ ఎండాకాలంలో వస్తే నీటి పరిమాణం కూడా సమస్యే. అయినా నా దృష్టిలో అది అసలు సమస్య కాదు.

డిమాక్‌లో ఏం జరిగింది?

అసలు సమస్య తెలియాలంటే అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రానికి వెళ్లాలి. డిమాక్ అనే చిన్న పల్లెలో 2009 జనవరి 1న ఒక ఇంటి మంచినీటి బావి పేలింది. బావిలో చేరిన మీథేన్ అంటుకుంది. ఆ చుట్టుపక్కల షేల్ గ్యాస్ తవ్వుతున్న కాబట్ కంపెనీ బావుల్లో లోపాలున్నాయని రాష్ట్ర అధికారులు తేల్చారు. కంపెనీ మాత్రం ఈ ప్రాంతపు నీళ్లలో మీథేన్ ఎప్పటినుంచో సహజంగానే ఉందని వాదించింది. ఆ మాటలో పూర్తి అబద్ధం లేదు. అక్కడి కొన్ని బావుల్లో మీథేన్ ముందునుంచీ ఉన్న మాట నిజమే. ఎంత ఉండేది, ఏ బావిలో ఉండేది అంటే చెప్పగల కాగితం ఎవరి దగ్గరా లేదు.

2011లో డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ ప్రాంతంలోని బావుల నీళ్లు పరీక్షించారు. తవ్వకాలు జరుగుతున్నచోట మీథేన్ మోతాదు మిగతాచోట్ల కన్నా సగటున 17 రెట్లు ఎక్కువని తేలింది. ఫ్రాకింగ్ రసాయనాలు మాత్రం కనిపించలేదు. వెంటనే వచ్చిన అభ్యంతరం మళ్లీ అదే: తవ్వకముందు ఎంత ఉందో చూపించండి. చివరికి 2022 నవంబరులో కాబట్ వారసత్వ కంపెనీ కోటెర్రా కోర్టులో నేరారోపణను ఎదిరించకుండా ఒప్పుకుని, ఊరికి మంచినీటి పైపులైను ఖర్చు భరించడానికి సిద్ధపడింది. బావి పేలిన రోజు నుంచి దాదాపు 14 ఏళ్లు. ఆ 14 ఏళ్లూ కొందరు తాగునీటిని బయటినుంచి తెచ్చుకుంటూనే బతికారు.

వయోమింగ్ రాష్ట్రంలోని పెవిలియన్‌ది మరో కథ. అక్కడ నాలుగు వందల మీటర్ల లోపు లోతులో కూడా ఫ్రాకింగ్ చేశారు. భూగర్భ జలాల కాలుష్యానికి ఫ్రాకింగ్‌తో సంబంధం ఉండవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2011లో ముసాయిదా నివేదిక ఇచ్చింది. తర్వాత దర్యాప్తును రాష్ట్రానికి అప్పగించి తప్పుకుంది. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కారణం ఫ్రాకింగేనన్నారు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వ నివేదిక ఆ అవకాశం తక్కువంది. ఊరు ఒకటే, నీళ్లు ఒకటే, తీర్పులు మాత్రం మూడు.

ఇదే ఏడాది చివర్లో ఈపీఏ దేశం మొత్తానికి నివేదిక ఇచ్చింది. కొన్ని పరిస్థితుల్లో ఫ్రాకింగ్ పనులు తాగునీటిని దెబ్బతీయగలవని, ఎంత విస్తృతంగా అన్నది చెప్పడానికి సమాచారం చాలదని అందులో రాసింది. లక్షల బావులు తవ్విన దేశంలో కూడా సమాచారం చాలలేదు. కారణాల్లో ఒకటి ఇది. చాలాచోట్ల తవ్వకముందు నీళ్లను కొలవలేదు.

పెన్సిల్వేనియా ఈ పాఠాన్ని ఆలస్యంగానైనా చట్టంలో పెట్టింది. 2012లో వచ్చిన చట్టం ప్రకారం షేల్ బావికి 2,500 అడుగుల లోపు, తవ్వకం పూర్తయిన 12 నెలల లోపు తాగునీరు చెడితే అందుకు కంపెనీయే కారణమని ముందుగానే భావిస్తారు. కాదని చూపించే బాధ్యత కంపెనీది. తప్పించుకోవడానికి దానికున్న గట్టి దారి తవ్వకముందే ఆ నీరు చెడి ఉందని పరీక్ష ఫలితాలు చూపడం. దాంతో ఏం జరిగిందంటే, కంపెనీలే ముందుకొచ్చి చుట్టుపక్కల ఇళ్ల బావులు పరీక్షించడం మొదలుపెట్టాయి. నిరూపించే భారం ఎవరి నెత్తిన పెడతామన్న దాన్నిబట్టి కొలత తీసే శ్రద్ధ పుడుతుంది.

ఉద్దానం, సుపేబేడా చెప్పేది

ఈ మాట తెలుగు పాఠకులకు ఇంత దూరం నుంచి చెప్పనవసరం లేదు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తీసుకుపోతోంది. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో పనిచేసి సరిగా నీళ్లు తాగకపోవడం అన్నారు, జన్యువులన్నారు. కచ్చితమైన కారణం ఇదీ అని అందరూ ఒప్పుకునే మాట ఇప్పటికీ రాలేదు. కారణం తేలకుండానే ప్రభుత్వం హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చింది, పలాసలో ఆసుపత్రి కట్టింది. మంచి పనే. కానీ మొదటి మరణాలకూ మొదటి పైపుకూ మధ్య ఒక తరం గడిచిపోయింది.

ఛత్తీస్‌గఢ్‌కు తన ఉద్దానం ఉంది. పేరు సుపేబేడా. 2012 దాకా రాయ్‌పూర్ జిల్లాలోనే ఉండి, ఇప్పుడు గరియాబంద్ జిల్లాలోకి వచ్చిన ఈ చిన్న ఊళ్లో 2005 నుంచి పదుల సంఖ్యలో జనం కిడ్నీ జబ్బుతో చనిపోయారు. నీటినే అనుమానించారు. వైద్య బృందాలు వచ్చాయి, నమూనాలు తీసుకెళ్లాయి, నేతలు వచ్చి హామీలిచ్చారు. తేల్నది నుంచి శుద్ధి చేసిన నీరు తేవాలన్న మాట ఏళ్ల తరబడి నడిచింది.

ఉద్దానానికీ సుపేబేడాకూ చమురు తవ్వకాలతో ఏ సంబంధమూ లేదు. వాటి ప్రస్తావన ఎందుకంటే, భూమి కింది నీరు ఒకసారి అనుమానంలో పడితే ఊరివాళ్లకు జరిగేది ఏమిటో అవి చూపిస్తాయి. పాత కొలత లేకపోతే పరిశోధన తీగలా సాగుతుంది, బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది, జనం అదే చేతిపంపు నీళ్లు తాగుతూ ఉంటారు. అక్కడ ప్రతివాదిగా ఎవరూ లేరు. షేల్ బ్లాకులో అయితే అవతల లాయర్లు, నిపుణులు, ల్యాబులు ఉన్న కంపెనీ ఉంటుంది. ఇవతల సర్గుజా అడవి పల్లెలో చేతిపంపు ఉంటుంది.

చమురు, గ్యాస్ పరిశ్రమలో ప్రమాదం జరగదని గోదావరి జిల్లాలవాళ్లకు ఎవరూ నచ్చజెప్పలేరు. 1995 జనవరిలో పాసర్లపూడిలో లేచిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్‌లో నగరంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. ఆ రెండూ కళ్లకు కనిపించిన ప్రమాదాలు. ఎవరు బాధ్యులో అడగడానికి మంటే సాక్ష్యం. భూమి కింద, కేసింగ్ చుట్టూ సిమెంటులో వచ్చే సన్నని బీటకు సాక్ష్యం ఉండదు. ముందు తీసి పెట్టిన నీటి లెక్క ఒక్కటే దానికి సాక్షి.

అనుమతుల్లో ఉన్న ఖాళీ

ఇప్పుడున్న నిబంధనల్లో ఈ సాక్షికి చోటుందా? 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. చమురు, గ్యాస్ అన్వేషణ ప్రాజెక్టులను ‘ఏ’ తరగతి నుంచి ‘బీ2’ తరగతికి మార్చింది. అంటే అన్వేషణ దశలో పూర్తిస్థాయి పర్యావరణ ప్రభావ నివేదిక అక్కరలేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదు. ఉత్పత్తి దశకు మాత్రం రెండూ ఉన్నాయి.

మామూలు చమురు విషయంలో దీన్ని కొంతవరకు సమర్థించుకోవచ్చు. ఒక బావి తవ్వి చూడటానికీ యాభై బావులు తవ్వడానికీ తేడా ఉందంటారు. షేల్‌లో ఆ వాదన నిలవదు. షేల్ పొర చమురు ఇస్తుందో లేదో తెలియాలంటే అన్వేషణ దశలోనే రాయిని పగలగొట్టి చూడాలి. ఫ్రాకింగ్ అప్పుడే మొదలవుతుంది. ఊరివాళ్లను పిలిచి అడిగేది మాత్రం ఆ తర్వాత. అప్పటికి బావి మంచినీటి పొరను చీల్చుకుని కిందికి దిగిపోయి ఉంటుంది. ఆ రోజు తీసే కొలత తవ్వకానికి ముందటి కొలత కాదు.

కొత్త చట్టంలో జరిమానా పెరగడం మంచిదే. కానీ జరిమానా వేయాలంటే ముందు ఉల్లంఘన రుజువు కావాలి. పాత కొలత లేనిచోట 25 లక్షలైనా, 25 కోట్లైనా కాగితం మీది అంకే.

రాయ్‌పూర్ చేయగలిగింది

ఒక దారి తమిళనాడు చూపింది. 2020 ఫిబ్రవరిలో కావేరీ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసి, అక్కడ కొత్తగా చమురు, గ్యాస్, మీథేన్, షేల్ తవ్వకాలను నిషేధించింది. నెడువాసల్‌లో, కదిరామంగళంలో రైతులు నెలల తరబడి కూర్చున్నాక వచ్చిన చట్టమది. పాత బావులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఫ్రాన్స్ 2011లోనే ఫ్రాకింగ్‌ను నిషేధించింది. ఛత్తీస్‌గఢ్ అలాంటి నిషేధం పెడుతుందా అన్నది రాజకీయ నిర్ణయం. బొగ్గు, ఇనుప ఖనిజం మీద ఖజానా నడిచే రాష్ట్రం అంత తేలిగ్గా ఆ పని చేస్తుందని అనుకోలేం.

నిషేధం పెట్టకపోయినా చేయగలిగిన పని ఉంది. లీజు మీద సంతకం రాష్ట్రానిది కాబట్టి లీజులో షరతు రాసే అవకాశమూ ఉంది. అన్వేషణ బావి స్థలానికి చుట్టూ కనీసం రెండు కిలోమీటర్ల లోపు ఉన్న ప్రతి బోరు, చేతిపంపు, ఊటబావి నీటిని వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి పరీక్షించాలి. మీథేన్, ఉప్పు, బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ మోతాదులు రాసి పెట్టాలి. ఆర్సెనిక్, ఫ్లోరైడ్ ఎందుకంటే రాజ్‌నంద్‌గావ్ వైపు కొన్ని ఊళ్లలో ఆర్సెనిక్ సహజంగానే ఉంది. రేపు కంపెనీ మీద అన్యాయంగా నింద పడకుండా ఉండటానికీ ఈ కొలతే ఆధారం. పరీక్ష చేసేది కంపెనీ ల్యాబు కాకూడదు, ఖర్చు మాత్రం కంపెనీ పెట్టుకోవాలి. ఫలితం హిందీలో, ఊళ్లో మాట్లాడే భాషలో రాసి గ్రామసభలో చదివి వినిపించి, ఒక ప్రతి పంచాయతీలో ఉంచాలి.

ఆ షరతు వెనకే మరొకటి ఉండాలి. నిర్ణీత దూరంలో, నిర్ణీత కాలంలో నీరు చెడితే కంపెనీయే బాధ్యురాలని ముందుగా భావించడం. పెన్సిల్వేనియా ఇచ్చిన 12 నెలలు చాలా తక్కువ. భూమి కింది నీరు నెమ్మదిగా కదులుతుంది, సిమెంటు ఇంకా నెమ్మదిగా బీటలు వారుతుంది. బావి మూసిన తర్వాత కూడా కనీసం పదేళ్లు ఈ బాధ్యత ఉండాలి, దానికి తగ్గ డిపాజిట్ ముందే కట్టించుకోవాలి. కేసింగ్ సిమెంటు పరీక్షల ఫలితాలు, వాడిన రసాయనాల పేర్లు వ్యాపార రహస్యం పేరుతో దాచకుండా జిల్లా యంత్రాంగానికి ఇవ్వాలి.

ఇంత చేస్తే పెట్టుబడి పారిపోతుందని అంటారు. ఒక లోతైన బావికయ్యే కోట్ల ఖర్చు ముందు చుట్టుపక్కల వంద బోర్ల నీళ్ల పరీక్ష ఖర్చు లెక్కలోకే రాదు. తన బావి గట్టిగా కట్టానని నమ్మకమున్న కంపెనీకి ఈ కొలత రక్షణ కూడా. అంత చిన్న ఖర్చుకు వెనకాడే కంపెనీ ఉంటే, దాని చేతికి మంచినీటి పొరను ఎందుకివ్వాలో ప్రభుత్వమే చెప్పాలి.

ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లో బొగ్గు పొరలున్న ప్రాంతంలో చాలా భాగం ఐదో షెడ్యూలు కిందికి వస్తుంది. రాష్ట్రం 2022లో పెసా నిబంధనలు కూడా తెచ్చుకుంది. హస్‌దేవ్ అడవిలో బొగ్గు గనులకు గ్రామసభల సమ్మతి ఎలా తీసుకున్నారన్న వివాదం ఇంకా చల్లారలేదు. షేల్ విషయంలోనూ ఊరి సంతకం కోసం కాగితాలు పట్టుకుని వెళ్లే రోజు వస్తే, ఆ ఊరి చేతిలో కూడా ఒక కాగితం ఉండాలి. మా చేతిపంపు నీళ్లు ఈ రోజున ఇలా ఉన్నాయి అని చెప్పే కాగితం.

షేల్ బావి ఇంకా రాలేదు కాబట్టి తొందరేముంది అనిపించవచ్చు. రిగ్గు రాకముందు ఆ కాగితం ఎవరైనా తయారు చేయవచ్చు, ఖర్చూ తక్కువే. రిగ్గు వచ్చిన మర్నాటి నుంచి దాన్ని ఎవరూ తయారు చేయలేరు.